ఎంత బండికి అంత గాలి

మే నెల వచ్చిందంటే ట్రాయ్‌లో మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ ఒకే ప్రశ్నతో మోగుతాయి. "అమ్మానాన్నలు వచ్చారు, ఈసారి ఎక్కడికి తీసుకెళ్దాం?" నయాగరా, స్మోకీ మౌంటెన్స్, మాకినా వంతెన అంటూ పేర్లు వస్తాయి. వెనకే అసలు సమస్యలు వస్తాయి. నాన్నగారికి గంటకోసారి బాత్రూమ్ కావాలి. అమ్మ బయట తిండి ముట్టదు. పిల్లలకు హోటల్ గది ఇరుకు. రెండు గదులు తీసుకుంటే ఖర్చు రెట్టింపు. అప్పుడు ఎవరో ఒకరు "ఆర్వీ అద్దెకు తీసుకోండి అన్నా" అంటారు. ఇల్లే బండెక్కి వస్తుంటే ఇక చింతేముంది?

చింత పెట్రోలు దగ్గర మొదలవుతుంది. 30 అడుగుల మోటార్‌హోమ్ గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు ఇస్తే గొప్ప. ఇంట్లో ఎలక్ట్రిక్ కారు నడుపుతూ, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్న మనవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "కారు ఎలక్ట్రిక్ అయింది, స్కూలు బస్సు ఎలక్ట్రిక్ అయింది, మోటార్‌హోమ్ ఎందుకు కాలేదు?" అని నన్ను అడిగినవాళ్లు ఈ రెండేళ్లలో పాతికమంది ఉంటారు. నేను కార్ల కంపెనీలకు విడిభాగాలిచ్చే ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ రాస్తాను. బ్యాటరీలో ఇంకా ఎంత మిగిలింది, దానితో ఎన్ని మైళ్లు పోవచ్చు అని అంచనా కట్టే లెక్కలు నా పని. కాబట్టి ఆ ప్రశ్న అడగడానికి నేను సరైన మనిషినే. కాకపోతే నా జవాబు చాలామందికి నచ్చదు. బ్యాటరీలు చాలకపోవడం కాదు కారణం. బండి ఆకారం తప్పు.

మన ఊళ్లలో కరెంటు బిల్లు యూనిట్లలో వస్తుంది కదా, కిలోవాట్ అవర్ అన్నా అదే. నేనూ యూనిట్లలోనే చెబుతాను. హైవే మీద 65 మైళ్ల వేగంతో వెళ్లే బండి ముఖ్యంగా రెండింటితో పోరాడుతుంది. ఒకటి టైర్లకు నేలతో ఉండే రాపిడి, అది బరువును బట్టి పెరుగుతుంది. రెండోది గాలి. గాలి తోపు రెండు విషయాల మీద ఆధారపడుతుంది. బండి ముఖం ఎంత పెద్దది, ఆ ముఖం గాలిని ఎంత మృదువుగా పక్కకు తప్పిస్తుంది. పైగా వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. "ఎంత చెట్టుకు అంత గాలి" అన్న పెద్దలు ఆర్వీ పార్కులు చూసినవాళ్లు కాదు గానీ, చూసినా ఇదే మాట అనేవారు.

బస్సులాంటి పెద్ద మోటార్‌హోమ్‌ను ఇక్కడ క్లాస్ ఏ అంటారు. దాని ముఖం వైశాల్యం 8 చదరపు మీటర్ల పైనే ఉంటుంది, గోడలు నిటారుగా, మూలలు పెట్టె మూలల్లా ఉంటాయి. నేను కట్టిన లెక్కలో అది మైలుకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు తింటుంది. ఎత్తు పైకప్పు ఉన్న క్యాంపర్ వ్యాను మైలుకు 0.6 నుంచి 0.65 యూనిట్లు. పైకప్పు కిందికి దించి, ముందు గుండ్రంగా, వెనక సన్నగా, రెండున్నర టన్నుల్లో కట్టిన బండైతే 0.4 యూనిట్లు చాలు. ఈ చివరి అంకె గాలిలో మేడ కాదు. ఫోక్స్‌వాగన్ అమెరికాలో అమ్మిన మూడు వరుసల ఐడీ బజ్ వ్యానుకు 86 యూనిట్ల వాడదగిన బ్యాటరీ ఉంది, ప్రభుత్వ పరీక్షలో 234 మైళ్లు పోయింది. మైలుకు 0.37 యూనిట్లు అన్నమాట. అది ఇల్లు కాదు, నిజమే. కానీ ఏడుగురు కూర్చునే పెట్టెను గాలికి నప్పేలా చెక్కవచ్చని అది చూపించింది.

ఇప్పుడు మనకు పనికొచ్చే దూరం ఎంతో తేల్చుకుందాం. కంపెనీ బ్రోషర్‌లో రాసే మైళ్లు వేరు, ఎదురుగాలిలో, ఏసీ వేసుకుని, బ్యాటరీ పూర్తిగా అడుగంటకుండా నడిపే మైళ్లు వేరు. నా దృష్టిలో ఒక్క ఛార్జింగ్‌తో 200 నిజమైన మైళ్లు పోయే మోటార్‌హోమ్ కుటుంబానికి సరిపోతుంది. ట్రాయ్ నుంచి ఐ-75 మీద ఉత్తరానికి వెళితే గ్రేలింగ్ దాటుతాం. అక్కడ దిగి భోజనం చేయకుండా ఇంకా ముందుకు పొమ్మనే అమ్మమ్మ ఎవరూ నాకు తెలియదు.

ఆ 200 మైళ్లకు 0.4 లెక్కన 80 యూనిట్లు. అట్టడుగున కొంత మిగుల్చుకోవాలి గనుక 100 యూనిట్ల బ్యాటరీ పెడదాం. దాని బరువు 600, 700 కిలోలు. మోయదగిందే. అదే పెద్ద క్లాస్ ఏ బండికి ఈ దూరం పోవాలంటే 300 యూనిట్లు, మిగులుతో కలిపి 370 దాకా కావాలి. ఆ బ్యాటరీ ఒక్కటే రెండున్నర టన్నులు తూగుతుంది. అంటే నేను ముందు చెప్పిన తేలికపాటి బండి మొత్తం బరువు! ఆ బరువు మోయడానికి గట్టి చట్రం కావాలి, గట్టి చట్రానికి పెద్ద బ్రేకులు, వాటన్నింటినీ లాగడానికి ఇంకొన్ని యూనిట్లు. దీన్నే మా ఆఫీసులో బరువు సుడిగుండం అంటాం. అందులో పడ్డ డిజైనరు పైకి తేలడం కష్టం. దారి ఒక్కటే. ముందు ఆకలి తగ్గించి, తర్వాత ఎంత వడ్డించాలో ఆలోచించాలి.

మన తాతలకు ఇది తెలుసు. జాతరకో తీర్థానికో కుటుంబమంతా కదిలేటప్పుడు గూడుబండి కట్టేవారు. వెదురు బద్దలు వంచి, పైన తాటాకో చాపో కప్పి, లోపల గడ్డి పరిచి పైన బొంత వేసేవారు. వంట సామాను, నీళ్ల కుండ, పిల్లలు అన్నీ అందులోనే. గూడు అంత తేలిగ్గా ఎందుకు కట్టారంటే ఎద్దుల బలం ఎంతో వాళ్లకు కచ్చితంగా తెలుసు కనుక. ఎద్దులు లాగలేకపోతే మరో జత కట్టే స్తోమత అందరికీ ఉండేది కాదు. చౌక పెట్రోలు వచ్చాక అమెరికా మోటార్‌హోమ్ ఈ పాఠం వదిలేసింది. ఇంజను పెద్దదైతే పోలేదా అనుకుంది. ఈ రోజు షోరూముకు వెళ్లి చూడండి, చక్రాల మీద వెళ్లే ఇంట్లో రాతి పలకల్లాంటి వంటగట్టు, గోడకు ఎలక్ట్రిక్ నెగడు, మసాజ్ కుర్చీ. చలి కాచుకోవడానికి నెగడు బండిలో వేసుకుని అడవికి వెళ్లడం ఏం సరదానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయితే వదిలేసిన పాఠాన్ని తిరిగి పట్టుకున్న బండి ఒకటి మన పక్క ఊళ్లోనే పుట్టింది. ట్రాయ్ నుంచి అరగంట కూడా పట్టని పాంటియాక్‌లో 1973 నుంచి 1978 వరకు జనరల్ మోటార్స్ జీఎంసీ మోటార్‌హోమ్ తయారుచేసింది. పొడవు 23 అడుగులదొకటి, 26 అడుగులదొకటి. మిగతా కంపెనీలు ట్రక్కు చట్రం కొని దానిపైన పెట్టె కట్టేవి. వీళ్లు బండి మొత్తాన్ని ఇల్లుగానే మొదటినుంచీ గీశారు. ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులోని ముందు చక్రాల డ్రైవ్ తెచ్చిపెట్టారు. దాంతో వెనక్కి వెళ్లే షాఫ్టు అవసరం పోయింది, నేల కిందికి దిగింది. నేల దిగితే లోపల నిలబడే ఎత్తు తగ్గకుండానే పైకప్పు దిగుతుంది. పైకప్పు దిగితే గాలికి తగిలే ముఖం తగ్గుతుంది. వెనక ఒకదాని వెనక ఒకటి చిన్న చక్రాలు, వాటికి గాలి తిత్తుల సస్పెన్షన్. అల్యూమినియం అస్థిపంజరం, ఫైబర్‌గ్లాస్ చర్మం, గుండ్రని భుజాలు. యాభై ఏళ్ల తర్వాత ఇవాళ చూసినా అది రేపటి బండిలా కనిపిస్తుంది.

దాని దురదృష్టం, అది మార్కెట్లోకి వచ్చిన ఏడాదే అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. ముక్కులో 455 క్యూబిక్ అంగుళాల ఇంజను. ఆకారం పొదుపుగా ఉన్నా ఇంజను పొదుపరి కాదు. పదమూడు వేల లోపు బండ్లు చేసి 1978లో ఆపేశారు. యజమానుల సంఘాలు ఇప్పటికీ వాటిని పువ్వుల్లా చూసుకుంటున్నాయి. విచిత్రమేమిటంటే, ఆ బండిలో ఎలక్ట్రిక్ మోటార్‌హోమ్‌కు కావలసిన సగం ఆలోచనలు ఉన్నాయి. డ్రైవ్ సరంజామా అంతా ముందుంటే వెనక నేలంతా ఖాళీ. అక్కడ బ్యాటరీ పరచవచ్చు. అప్పట్లో లేనిది బ్యాటరీ మాత్రమే. ఇప్పుడు బ్యాటరీ ఉంది, ఆ ఆలోచన లేదు.

ఇప్పుడేం జరుగుతోందో చూద్దాం. విన్నెబేగో కంపెనీ 2022 జనవరిలో ఫ్లోరిడా ఆర్వీ ప్రదర్శనలో ఫోర్డ్ ట్రాన్సిట్ ఆధారంగా ఎలక్ట్రిక్ క్యాంపర్ నమూనా చూపించింది. చెప్పిన దూరం 125 మైళ్లు. మరుసటి ఏడాది ఫోర్డ్ సొంత ఇ-ట్రాన్సిట్ మీద రెండో నమూనా వచ్చింది. లోపలి హంగులు బాగా మెరుగుపడ్డాయి, దూరం మాత్రం 108 మైళ్లు. నేను పైన చెప్పిన 0.6 లెక్కతో 68 యూనిట్ల బ్యాటరీని భాగించి చూడండి, ఇంచుమించు అంతే వస్తుంది. ఇంజనీర్ల చేతకానితనం కాదది. సామాన్లు చేరవేసే వ్యానుకు ఎత్తు పైకప్పు పెట్టాక ఎవరు చేసినా అంతే. ఫోర్డ్ తర్వాత 89 యూనిట్ల బ్యాటరీ కూడా ఇచ్చింది. వ్యాను అదే, గాలి అదే, కాస్త దూరం పెరిగింది.

డెట్రాయిట్‌లోనే గ్రౌండెడ్ అనే చిన్న కంపెనీ ఉంది. స్పేస్‌ఎక్స్‌లో పనిచేసి వచ్చిన శామ్ షపీరో దాన్ని 2022లో మొదలుపెట్టారు. వాళ్లు 2023లో జనరల్ మోటార్స్ బ్రైట్‌డ్రాప్ డెలివరీ వ్యాను మీద కట్టిన బండికి 250 మైళ్లు చెప్పారు. లోపల చెక్క పలకలను లెగో ముక్కల్లా మార్చుకునే ఏర్పాటు నాకు నచ్చింది. కానీ ఆ 250 మైళ్ల వెనక 160 యూనిట్లకు పైబడిన బ్యాటరీ ఉంది. మైలుకు మళ్లీ అదే 0.6 చిల్లర. ఇంతలో 2025 అక్టోబరులో జనరల్ మోటార్స్ ఆ బ్రైట్‌డ్రాప్ వ్యాన్ల తయారీనే మానేస్తున్నట్టు ప్రకటించింది. పక్కింటివాడి గోడకు పందిరి కడితే వాడు గోడ కూల్చిన రోజున మన పందిరీ పోతుంది. చిన్న కంపెనీలకు ఈ దేశంలో అదే పెద్ద గండం.

థార్ అనే పెద్ద ఆర్వీ సంస్థ, కాలిఫోర్నియాలోని హార్బింజర్‌తో కలిసి 2024లో ఇంకో దారి చూపించింది. క్లాస్ ఏ బండికి 140 యూనిట్ల బ్యాటరీ, దాన్ని దారిలో నింపడానికి ఒక పెట్రోలు జనరేటరు, రెండూ కలిపి 500 మైళ్లు. దీన్ని మోసమని కొట్టిపారేసే ఈవీ అభిమానులున్నారు. నేను అలా అనను. అంత పెద్ద పెట్టె కావాల్సిందేనన్నవాళ్లకు అది నిజాయితీగల సమాధానం. కానీ అయిదుగురి కుటుంబానికి అంత పెట్టె అక్కర్లేదన్నదే నా వాదన.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు 2021లో స్టెల్లా వీటా అనే సౌర వాహనం కట్టారు. బరువు 1,700 కిలోలు మాత్రమే, బ్యాటరీ 60 యూనిట్లు. రోడ్డు మీద నీటిబొట్టు ఆకారంలో కిందికి అణిగి ఉంటుంది. ఆగాక పైకప్పు పైకి లేస్తుంది, రెండు పక్కలా సౌర పలకలు రెక్కల్లా విచ్చుకుంటాయి. ఎండ బాగా ఉన్న రోజున 730 కిలోమీటర్లు పోతుందన్నారు. దాన్ని స్పెయిన్ దక్షిణ కొస టారిఫా దాకా నడిపి చూపించారు. ఇద్దరు పట్టే బండి, అమ్మకానికి కాదు, అమెరికా భద్రతా నియమాలకు నిలుస్తుందనీ చెప్పలేం. అయినా ఒక కాలేజీ జట్టు సాధించిన మైలుకు యూనిట్ల లెక్క పక్కన పెద్ద కంపెనీల నమూనాలు చిన్నబోతాయి.

ఎక్కువమంది ఆలోచించని సంగతి ఛార్జింగ్. ఈవీ అనగానే అందరూ హైవే పక్క ఫాస్ట్ ఛార్జర్ల గురించే మాట్లాడతారు. అక్కడ మోటార్‌హోమ్‌కు ఉండే ఇబ్బంది స్థలం. కారు పట్టే గళ్లు గీస్తారు, తీగ పొట్టిగా ఉంటుంది. 30 అడుగుల బండి పెడితే వెనక నాలుగు కార్ల దారి మూసుకుపోతుంది. 20 అడుగుల లోపు బండైతే ఆ గళ్లలో ఎలాగో ఒదుగుతుంది. పొడవు తగ్గించడానికి ఇదొక్కటి చాలు కారణం.

కానీ మోటార్‌హోమ్ రాత్రంతా ఎక్కడ ఆగుతుంది? క్యాంప్‌గ్రౌండులో. అక్కడ చాలా గళ్లకు కరెంటు స్తంభం ఎప్పటినుంచో ఉంది. మిషిగన్ స్టేట్ పార్కుల్లో సాధారణంగా దొరికేది 30 ఆంపియర్ల ప్లగ్గు. దాన్నుంచి గంటకు మూడు యూనిట్ల లోపే తీసుకోవడం క్షేమం. రాత్రి పది గంటలకు 28 యూనిట్లు అనుకుందాం. మైలుకు ఒకటిన్నర తినే క్లాస్ ఏ బండికి అది 19 మైళ్లు. వ్యానుకు 44. మన తేలిక బండికి 70 మైళ్లు! రెండు రాత్రులు ఆగితే 140. అదే స్తంభం, అదే కరెంటు, ఒక కుటుంబానికి ప్రయాణం, ఇంకో కుటుంబానికి పార్కు గేటు దాటే పాటి బలం. ప్రైవేటు పార్కుల్లో దొరికే 50 ఆంపియర్ల ప్లగ్గు మీదైతే పది గంటల్లో మొత్తం బ్యాటరీ దాదాపు నిండుతుంది. పొదుపుగా తినే బండికి ఈ దేశమంతా ఎప్పుడో ఛార్జింగ్ కేంద్రాలు కట్టి ఉంచినట్టే. ఒక జాగ్రత్త. కొన్ని పార్కులు ఈవీ ఛార్జింగ్‌కు విడిగా డబ్బు అడుగుతాయి, కొన్ని పాత వైరింగ్ అని వద్దంటాయి. బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇంటి పనులకు కరెంటు చాలదేమోనన్న భయం అక్కర్లేదు. మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యికి, రైస్ కుక్కరుకు చిన్న మీటరు తగిలించి వారం రోజులు రాసుకున్నాను. అన్నం, పప్పు, ఒక కూర, పొద్దున ఇడ్లీ, రెండుసార్లు కాఫీ కలిపి రోజుకు రెండు, రెండున్నర యూనిట్లు. బకెట్ నీళ్లు కాగడానికి అర యూనిట్టు దాటుతుంది. ఫ్రిజ్‌కు ఒకటి. చిన్న ఏసీ రాత్రంతా నడిస్తే అయిదు. మొత్తం పది, పన్నెండు యూనిట్లు. తేలిక బండికి పాతిక, ముప్పై మైళ్ల ప్రయాణంతో సమానం. పైకప్పు సోలార్ వేసవి రోజున అందులో సగం తెచ్చిపెట్టగలదు. గ్యాస్ సిలిండరు లేకుండా, జనరేటరు రొద లేకుండా కుక్కరు మూడు కూతలు వేసుకోవచ్చు. పక్క గుడారంవాళ్లు ఆ కూతకు ఉలిక్కిపడితే అది వేరే సంగతి. మా అమ్మకైతే ఈ లెక్కలేవీ పట్టలేదు. "బండిలో పోపు వేస్తే పడుకునే దుప్పట్లకి వాసన పట్టదట్రా?" అని అడిగింది. మంచి ప్రశ్న. వంటగట్టు వెనక తలుపు దగ్గర పెట్టి, తలుపెత్తి బయట నిలబడి వండుకునేలా గీయాలి. చిన్న ట్రైలర్లలో ఈ ఏర్పాటు ఎన్నేళ్లుగానో ఉంది.

నా ఊహలోని బండి ఇలా ఉంటుంది. పొడవు 20 అడుగుల లోపు. రోడ్డు మీద ఎత్తు ఏడు అడుగులు దాటదు, ఆగాక పైకప్పు లేస్తుంది. పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్లు దశాబ్దాల కిందటే చేసిన పని అది. కింద తాతయ్య, నాయనమ్మ, పైన పిల్లలు. మరి అమ్మానాన్నలు? పక్కకు విప్పుకునే గుడారంలో. ఇక్కడ దాచడానికేం లేదు, ఆరుగురు లోపలే పడుకోవాలంటే ఈ బండి చాలదు. బీరువాలు తేనెపట్టు పలకలతో, గోడలు ఫైబర్‌గ్లాస్‌తో. నీళ్ల ట్యాంకు చిన్నది, ఎందుకంటే ఒక్కో గ్యాలన్ నీరు 8.34 పౌండ్లు, 60 గ్యాలన్లు నింపితే అయిదు వందల పౌండ్లు ఊరికే ఊరేగించడమే. చలికాలం దూరం తగ్గుతుంది గానీ, మిషిగన్‌లో నవంబరు నుంచి పైపులు గడ్డకట్టకుండా మోటార్‌హోమ్‌లను ఎటూ మూలన పెడతాం.

ఈ బండితో నయాగరా వెళ్దాం. కెనడా మీదుగా దగ్గరే, కానీ అమ్మానాన్నలకు కెనడా వీసా ఉండదు. అందుకని టోలెడో, క్లీవ్‌లాండ్, బఫెలో చుట్టూ దాదాపు 400 మైళ్లు తిరిగి వెళ్లడం మనందరికీ అలవాటే. 0.4 లెక్కన 160 యూనిట్లు. నిండు బ్యాటరీతో బయల్దేరితే మధ్యలో ఒక్కసారి, ముప్పావు గంట ఆగితే చాలు. పులిహోర తిని, కాళ్లు సాగదీసుకునే సమయం. ఇప్పటి వ్యాన్లతో మూడుసార్లు ఆగాలి.

కొండలెక్కితే బరువు మాట వేరే. బల్లపరుపు మిషిగన్‌లో గాలిదే పైచేయి, స్మోకీ మౌంటెన్స్‌లో బరువు కూడా కప్పం అడుగుతుంది. దిగేటప్పుడు మోటారే జనరేటరులా పనిచేసి కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. తిరుమల కొండ ఎక్కినవాళ్లకు ఇది కొత్త కాదు. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ నడుపుతున్న ఎలక్ట్రిక్ బస్సులు ఘాట్‌లో దిగుతూ చేసేది ఇదే. ఆ బస్సులు చేసింది హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా. వేగం తక్కువ, దూరం తెలిసింది, రాత్రి డిపోలో ఛార్జింగ్. బండిని పనికి తగ్గట్టు కొలిచి కట్టడమంటే అది.

మరి ఇక్కడ ఎవరు కడతారు? అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో అత్యధిక భాగం మనకు మూడు గంటల దూరంలోని ఇండియానా రాష్ట్రం ఎల్కార్ట్ చుట్టుపక్కలే పుడతాయి. బల్లపరుపు గోడలు చవక, వంపు గోడలకు అచ్చులు చేయించాలి, అచ్చు ఖరీదు రాబట్టుకోవాలంటే వేల బండ్లు అమ్మాలి. అందుకే వాళ్లు పెట్టెలు వదలరు. ఆ తర్కాన్ని తప్పుపట్టలేను. కానీ బ్యాటరీ వచ్చాక లెక్క మారింది. 2024లో ప్రపంచవ్యాప్త సగటు బ్యాటరీ ధర యూనిట్టుకు 115 డాలర్లు. పెట్టె బండికి అదనంగా పట్టే 270 యూనిట్ల ఖరీదు ఆ సగటున చూసినా 31 వేల డాలర్లు. ఒక్కో బండికి 31 వేలు! ఆ డబ్బుతో వంపు గోడ కట్టుకోవచ్చు.

ఇదంతా వేసవి సరదా కబురైతే ఇంత పొడవున రాయను. 2025 సెప్టెంబరు 30తో ఎలక్ట్రిక్ వాహనాలకు 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ ముగిసింది. ఆ తర్వాత డెట్రాయిట్ చుట్టుపక్కల ఈవీ ప్రాజెక్టులు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్లు ఎంతమంది బ్యాటరీ, మోటారు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పనుల్లో ఉన్నారో మీకు తెలుసు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే చేతిలో 60 రోజులు. నాతో కలిసి మధ్యాహ్నం భోజనం చేసే ఇద్దరు గత చలికాలం ఆ రోజులు లెక్కపెట్టుకున్నారు. ఒకరికి ఒహాయోలో పని దొరికింది. రెండో కుటుంబం విజయవాడ వెళ్లిపోయింది, పిల్లవాడి పదో తరగతి మధ్యలో.

జనం ఈవీలను కాదన్నారు, అందుకే ఇలా అయిందని టీవీలో చెబుతారు. జనం కాదన్నది తొమ్మిది వేల పౌండ్ల హమ్మర్‌ను, 108 మైళ్ల మోటార్‌హోమ్‌ను. ఆకలి తగ్గించకుండా బ్యాటరీ పెంచుకుంటూ పోయిన బండ్లు ఖరీదులో మునిగితే, వాటితోపాటు నేర్చుకున్న పని కూడా మునుగుతోంది. తక్కువ యూనిట్లతో ఎక్కువ దూరం పోయే బండికి రాయితీ లేకపోయినా లెక్క కుదురుతుంది. అలాంటి బండి చేయగల చేతులు ఇక్కడే, మన వీధుల్లోనే ఉన్నాయి. ఆ చేతులు వేరే ఊళ్లకు, వేరే పనులకు వెళ్లకముందే ఏదైనా జరగాలి.

అందుకు నాకు తోచిన మార్గం ఒకటుంది. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం సోలార్ కారు జట్టు 1990లోనే జాతీయ పోటీ గెలిచింది, ఈనాటికీ దేశంలో మేటి జట్టుల్లో ఒకటి. సౌత్‌ఫీల్డ్‌లో లారెన్స్ టెక్, ఫ్లింట్‌లో కెట్టరింగ్, రోచెస్టర్‌లో ఓక్లాండ్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అన్నింటిలో మన పిల్లలు చదువుతున్నారు. 2025 జూలైలో నోవైలో తానా మహాసభలు ఎంత ఘనంగా జరిగాయో చూశాం. ఆ హంగు మీద నాకు కోపం లేదు, పాటలకు నేనూ చప్పట్లు కొట్టాను. అలాంటి వేడుకల ఖర్చులో ఒక చిన్న వాటా, ఐండ్‌హోవెన్ పిల్లలు చేసినట్టు ఒక కుటుంబ బండిని కట్టే విద్యార్థి జట్టుకు ఇవ్వవచ్చు. రిటైరైన మన ఇంజనీర్లు శనివారాలు వెళ్లి సాయం చేయవచ్చు. పాంటియాక్‌లో ఆ జీఎంసీ బండి మీద పనిచేసిన అమెరికన్ పెద్దలు కొందరైనా ఇంకా ఈ చుట్టుపక్కల ఉండి ఉంటారు. వెతికి పట్టుకుని కాఫీకి పిలవాలి.

కొనేవాళ్లుగా మనం చేయగల పని ఇంకోటి. ప్రతి చలికాలం నోవైలో ఆర్వీ ప్రదర్శన జరుగుతుంది, మన కుటుంబాలు పిల్లలను వేసుకుని సరదాగా చూసొస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు టీవీ ఎన్ని అంగుళాలో అడగకండి. "అయిదుగురం ఎక్కి, నీళ్లు నింపి, 65లో పోతే మైలుకు ఎన్ని యూనిట్లు?" అని అడగండి. పెట్రోలు బండైతే "గ్యాలన్‌కు నిజంగా ఎన్ని మైళ్లు?" అనండి. అంకె చెప్పగలిగితే కూర్చుని మాట్లాడండి. "అది మీరు నడిపే తీరును బట్టి ఉంటుంది సార్" అంటే బ్రోషర్ తీసుకుని పక్క స్టాలుకు నడవండి.